తెర మీది ఊర్మిళ

రెజిమెంటల్ బజార్ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. పొద్దు వాలింది. కొడుకు కిషన్‌చారి మిలిటరీలో ఉండి ఒక దాడిలో పోయిన మూడేళ్లకు కోడలికి మళ్లీ పెళ్లి కుదిర్చింది దేవమ్మ. మాట ఖాయం చేసుకోవడానికి రేపు పెళ్లికొడుకు ఓంప్రకాశ్ వాళ్లొస్తారు. కోడలు ఊర్మిళ ఇప్పుడే పని నుంచి వచ్చి మంచం మీద కూర్చుంది.

"మల్ల గదే మాట. తల నొస్తుందంటవ్, గోలి ఇయ్యాల్నా అంటే వద్దంటవ్. అసలేమైంది?"

"ఏం కాలేదత్తమ్మా."

"ఏం కాకుంటే మొఖమెందుకు గట్లున్నది?"

"బస్సుల నిలవడి వచ్చిన. అలిసిపోయిన. అంతే."

"బస్సుల ఎందుకొచ్చినవ్? రోజూ మెట్రోల గదా వస్తవ్."

"మెట్రో ఎక్కబుద్ధి కాలే. గుర్తువడ్తున్నరు. మొన్న ఒకామె లేచి సీటిచ్చి, పరేడ్‌గ్రౌండ్ దాకా నా ముంగట చేతులు గట్టుకొని నిలవడ్డది. పెద్ద మనిషి, నీ అంత ఉంటది. కూసోండమ్మా అంటే కూసోదు. కండ్లల్ల నీళ్లు."

"కిషన్ మీద తీసిన ఆ సినిమా చూసి వస్తుందేమో."

"అంతే. ఆఖరుకు పేర్లు పడేటప్పుడు మా ఇద్దరి పెండ్లి ఫోటో ఏస్తరు గదా. గట్ల గుర్తువడ్తరు."

"పోనియ్యి. రెండు వారాల ముచ్చట. ఇంకో సినిమా వస్తే దీన్ని మరుస్తరు. లే, మొఖం కడుక్కో. చీర చూపిస్త. జనరల్ బజార్ పోయి తెచ్చిన."

"నేను వద్దన్న గదా."

"వద్దంటే? రేపు వాళ్లొచ్చి కూసుంటే, కంటి దవాఖాన కౌంటర్ల ఏసుకునే ఆ బూడిద రంగు చీరతోని ముంగటికొస్తవా? చూడు. చిలకపచ్చ. అంచు జూడు ఎంత సన్నగున్నదో."

"మంచిగున్నదత్తమ్మా."

"విప్పకనే?"

"నువ్వు తెచ్చినవ్ గదా, మంచిగనే ఉంటది."

"ఒక్కసారి భుజం మీదేసుకో. నీ రంగుకు ఎట్లున్నదో చూస్త."

"తర్వాత."

"సరే తియ్యి, తర్వాత. గారెలకు పప్పు నానవోసిన. ఓంప్రకాశ్‌కు గారెలంటే పానమని నువ్వే జెప్తివి. వాళ్లక్కకు షుగరున్నదంటివి గదా, ఆమెకు జొన్నరొట్టె చేస్త. ఇంకేమన్న చెయ్యాల్నా?"

"పప్పు ఎంత వోసినవ్?"

"ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే ఎవ్వలన్న పప్పు ఎంత వోసినవని అడుగుతరా?"

"మస్తుగ వోసినవేమో అని. మిగిలితే ఖరాబైతది."

"ఎందుకు మిగులుతది? వాళ్లు నలుగురు, మనమిద్దరం. పొద్దుగాలనే వస్తరు గదా?"

"మొఖం కడుక్కొనొస్త."

"ఊర్మిళా, నిన్నే."

"తెల్వదు."

"నిన్నటి దాకా పొద్దుగాలనే అంటివి."

"నిన్న అన్న. ఇయ్యాల తెల్వదు అంటున్న."

"ఏందే గట్ల మాట్లాడ్తవ్? ఇయ్యాల కలిసినవా ఆయన్ని?"

"అత్తమ్మా, జెర నీళ్లియ్యవా."

"ఇస్త. ముందు జెప్పు."

"ఎవ్వలో పిలుస్తున్నరు. చూడు."

వాకిట్లో పక్కింటి గ్రేసీ. దగ్గర్లోని బడిలో టీచరు, ఊర్మిళ ఈడుదే. గడప బయటే ఆగింది.

"ఆంటీ, ఊర్మిళక్క వచ్చిందా?"

"ఇప్పుడే వచ్చింది. లోపటికి రా గ్రేసీ."

"వద్దాంటీ, ఇక్కణ్నే నిలవడ్త. ఒక్క మాట జెప్పి పోత. అక్కా, సోమవారం మా బళ్లె ఫంక్షనున్నది. మా హెడ్‌మిస్ట్రెస్ ఒక్కటే జిద్దు. మీ పక్కింట్లనే ఉంటది గదా, ఆమెను పిలువు, ఆమె వస్తే పిల్లలకు మస్తు ఇన్‌స్పిరేషన్ అని."

"గ్రేసీ, నువ్వు నన్ను అక్కా అని ఎప్పటి సంది అంటున్నవ్?"

"ఎప్పుడూ... అంటనే గదా."

"ఎన్నడన్నవ్? నీకన్నా నేను చిన్న. నల్లా కాడ నా బిందె నూకేసి నీ బిందె పెట్టుకున్నవ్ మొన్న ఎండకాలం. పోవే అంటే నువ్వు పోవే అనుకున్నం."

"అయ్యో, అది యాదికి తియ్యకక్కా. నాకు ఎంత సిగ్గైతుందో. అప్పుడు నాకు ఎరుకనా నువ్వు గంత గొప్పదానివని?"

"లోపటికొచ్చి కూసో. ఎప్పటి తీరు నా మంచం మీద కాళ్లు ముడుచుకొని కూసో. చాయ్ పెడ్త."

"వద్దక్కా. నీ పక్కన కూసోవాలంటే ఎట్లనో అయితది ఇప్పుడు. మా ఇంట్ల మూడుసార్లు చూసినం సినిమా. మా మమ్మీ అయితే ఆ సీన్ వచ్చేసరికి ఎక్కెక్కి ఏడ్చింది. నువ్వు స్టేజి మీదికొచ్చి ఆ డైలాగ్ ఒక్కటి జెప్తే చాలు. 'ఆయన దేశం కోసం ఒక్కసారి ప్రాణమిచ్చాడు. నేను ఆయన కోసం ప్రతిరోజూ బతుకుతాను. ఈ నుదుటి మీద మరొకరి పేరు ఉండదు.' చూడు, చెప్తుంటేనే వెంట్రుకలు లేస్తున్నయ్. మా పిల్లలందరికి నోటికొస్తది."

"నేను అనలేదు గ్రేసీ ఆ మాట."

"అనకుంటేంది? నీ మనసుల ఉన్నదే గదా వాళ్లు పెట్టిండ్రు."

"నా మనసుల ఉన్నదని ఎవ్వలు జెప్పిండ్రు వాళ్లకు?"

"గ్రేసీ, సోమవారం దానికి కుదరదు బిడ్డా. ఊర్మిళకు డ్యూటీ ఉన్నది. మీ హెడ్‌మిస్ట్రెస్‌కు నేను చెప్పిన అని చెప్పు."

"లీవ్ పెట్టదా ఆంటీ? ఒక్క పూటే... సరే, మంగళవారం పెట్టుకోమంటనా? అరే, చీర మస్తున్నది! చిలకపచ్చ. ఎవ్వలకాంటీ?"

"అదా... మా చెల్లె బిడ్డకు. వాళ్లింట్ల పెండ్లున్నది."

"మస్తుంటది ఆ పిల్లకు. పోతక్కా. జెర ఆలోచించు."

గ్రేసీ వెళ్లిపోయింది. దేవమ్మ చీర మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"నీ చెల్లె బిడ్డకా అత్తమ్మా?"

"ఏమనాలె మరి? ఇంకా ఖాయం కాలే గదా. రేపు మాట అనుకున్నంక నేనే గల్లీ అంత చాటిస్త."

"నిన్ను తప్పు వడ్తలే. నీ నోరే తిరగలే గదా, అందుకన్న. నా కోడలికి అని రాలే నీ నోటికెల్లి. గ్రేసీ ముంగటనే రాలే. ఇగ గల్లీ అంతకు ఎట్ల చెప్తవ్?"

"ఆ పోరి గట్ల నిలవడి డైలాగులు జెప్తుంటే నాకు తోచలే. రేపు చూడు, ఎట్ల చెప్తనో."

"రేపు."

"అవ్, రేపు. ఆ సినిమోళ్లు మన ఇంటికొచ్చినప్పుడే ఎల్లగొట్టాల్సుండె. ఈ మంచం మీదనే కూసొని చాయ్ తాగిండ్రు. కిషన్ ఏం తింటుండె, ఎట్ల నవ్వుతుండె అని అడిగిండ్రు. నేను పిచ్చిదాని లెక్క అన్నీ జెప్పిన. నా కొడుకు పేరు నిలుస్తదని సంతకం వెట్టిన. నీతోని సుత వెట్టిచ్చిన."

"నేను సుత నా ఇష్టంతోనే పెట్టిన. ఆయన్ని పెద్ద తెర మీద చూడాలని నాకు మాత్రం ఉండదా? నేను వాళ్లకు ఉన్నదున్నట్టే జెప్పిన అత్తమ్మా. బేగంపేట ఎయిర్‌పోర్ట్‌ల ఆయన పెట్టె దించేటప్పుడు నువ్వేమన్నవమ్మా అని ఆ రాసే పిల్ల అడిగింది. నీళ్లున్నయా అని అడిగిన అని చెప్పిన."

"నిజమే. నీ పెదవులు ఎండి పగిలిపోయినయ్. ఎవ్వలో సిపాయి పిల్లగాడు తన సీస ఇచ్చిండు."

"గడగడ మొత్తం తాగిన. ఆయన పెట్టె నా ముంగట, నేను నీళ్లు తాగుతున్న. గది చూపెడితే ఎవ్వలు చప్పట్లు కొడ్తరు? అందుకే ఆ నుదురు డైలాగ్ పెట్టిండ్రు."

"నువ్వు ఏడ్వలేదన్నది మాత్రం నిజమే చూపెట్టిండ్రు."

"ధైర్యముండి ఏడ్వకపోయిన్నా? నాకు సమజ్ కాలే అత్తమ్మా. అండ్ల ఆయనున్నడని సమజ్ కాలే. దినాలన్నీ అయినంక, బట్టలు నానవెడ్తుంటే ఆయన పాత బనీను వచ్చింది చేతికి. ఉతుకుదామా, ఉతికితే ఆయన వాసన పోతదా అనుకున్న. గప్పుడు ఏడ్చిన. బాత్‌రూంల నల్లా ఇడిసి."

"నాకు ఎరుకే."

"నీకెట్ల ఎరుక?"

"బకీటు నిండి నీళ్లు బయటికి రావట్టె. తలుపు కొడ్దామని వచ్చిన. ఇని, మల్ల పోయిన."

"చెప్పలేదు గదా ఎన్నడు."

"ఏం చెప్పాలె. నేను మాత్రం నీకన్నీ చెప్పిన్నా? ఒకటి చెప్తా, నవ్వొద్దు. ఆ సినిమా నాకు సుత మంచిగనిపించింది."

"నవ్వనత్తమ్మా."

"అంతా అబద్ధమని ఎరుకనే. మనోడు గంత ఎత్తు లేడు. గంత తెల్లగ లేడు. వైర్‌లెస్ డబ్బా మోసేటోడు, మిషన్‌గన్ ఇచ్చిండ్రు చేతికి. గుట్ట అవతలి క్యాంపు పేల్చి తిరిగొచ్చేటప్పుడు, వాగు దాటుతుంటే ఒక్కటే గుండు తాకిందని, మాట సుత రాలేదని ఆఫీసర్ సాబే జెప్పిండు. సినిమాల ఎంతసేపు మాట్లాడిండు!"

"ఇరవై మందిని చంపినంక మాట్లాడిండు."

"ఐనా సరే. దాడికి పోయే ముందు ఆ హీరో జేబులకెల్లి ఫోటో తీసి చూసి, అమ్మా అంటడు గదా? గప్పుడు నేను 'ఆఁ' అన్న."

"నాకు ఇనవడ్డది."

"నీకేంది, హాలు హాలుకే ఇనవడ్డది. ముందు వరసల కూసోవెట్టిరి, పక్కన పెద్ద పెద్ద ఆఫీసర్లు. సిగ్గుతోని సచ్చిపోయిన. వాని గొంతు కాదది. ఆ హీరోది సుత కాదట, తెలుగుకు ఎవ్వలో చెప్పిండ్రట. ఎవ్వని గొంతో ఎవ్వనికి తెలుసు. నేను పలికిన. ఎన్నేండ్లాయె ఎవ్వలన్న నన్ను అమ్మా అనక?"

"అత్తమ్మా..."

"అత్తమ్మ అంటవ్ నువ్వు. అది వేరే. నాకు అదే సాలు."

"నీ చెయ్యి ఇటియ్యి."

"ఏడ్వకు. ఏడిస్తే రేపు మొఖం ఉబ్బుతది. నేను ఎందుకు చెప్తున్ననో ఇను. ఆ సినిమా మంచిగుంటే ఉండనియ్యి. నా కొడుకు అండ్ల ఉండనియ్యి. నిన్ను మాత్రం అండ్ల ఉండనియ్య నేను. నువ్వు బయటికి రావాలె."

"ఎట్ల రావాలె?"

"రేపొస్తవ్ గదా. మీ మామ పోయిననాడు కిషన్ నా సంకల ఉన్నడు. వడ్రంగి పని చేసే మనిషి, పొద్దుగాల బాడిస పట్టుకొని పోయిండు, మాపటికి రాలే. నాకు అప్పుడెంత వయసనుకున్నవ్? ఇప్పటి నీకన్నా చిన్న. అందరొచ్చిండ్రు. పిల్లగాన్ని జూసుకొని బతుకు అన్నరు. బతికిన. మీ మామ పేరు వెట్టి, బ్రహ్మచారి పెండ్లాం మస్తు గట్టిది అన్నరు. గట్టిదాన్నే. కానీ ఎవ్వలన్న ఒక్కలు, మొగోళ్లు కానీ ఆడోళ్లు కానీ, దేవమ్మా నీకేం కావాలె అని అడగలే."

"అడిగితే ఏమంటుంటివి?"

"ఏమో బిడ్డా. అడగలే గదా. అందుకే నిన్ను అడిగిన. పోయిన ఏడాది స్టేషన్ల చూసిన మీ ఇద్దరిని. మా అక్కను రైలెక్కిద్దామని వచ్చిన. మీరు ప్లాట్‌ఫారం మీద నిలవడి జామపండు తింటున్నరు. ఆయన ఉప్పుకారం పొట్లం పట్టుకున్నడు, నువ్వు అద్దుకొని తింటున్నవ్. నవ్వుతున్నవ్. కిషన్ పోయినప్పటి సంది నువ్వు గట్ల నవ్వంగ నేను చూడలే."

"నువ్వు చూసినట్టు నాకు చెప్పనే లేదు."

"కంబం చాటుకు పోయిన. మొదలు కోపమొచ్చింది. నా కొడుకు మట్టిల ఉంటే దీనికి జామపండ్లు కావాల్సొచ్చిందా అనుకున్న. ఇంటికొచ్చి అన్నం తినలే. కిషన్ పటం ముంగట కూసున్న. ఏమంటవ్‌రా అని అడిగిన వాన్ని. వాడేమంటడు. ఎన్నడన్న నా మాట కాదన్నడా? తెల్లారి నేనే నిన్ను అడిగిన, ఆ జామపండ్లాయన పేరేందని."

"నా చేతులకెల్లి చాయ్ గిలాస కింద వడ్డది."

"వడ్డది. రైల్వేల సిగ్నల్ పని, పేరు ఓంప్రకాశ్, భార్య పోయి నాలుగేండ్లు అని ఒక్క ఊపిరిల జెప్తివి. గట్ల సిద్ధంగ పెట్టుకున్నవ్ లోపల. ఇప్పుడేందో తెల్వదు తెల్వదు అంటున్నవ్. ఫోన్ ఇటియ్యి. నేను మాట్లాడ్త ఆయనతోని."

"ఎత్తడు."

"ఎందుకెత్తడు?"

"వద్దత్తమ్మా, చెయ్యకు."

"ఎందుకెత్తడు అని అడుగుతున్న. వాళ్లక్క ఏమన్న అన్నదా?"

"లేదు. ఆమె మంచామె. నా గాజుల కొలత సుత అడిగింది."

"మరి ఆ ఫోటో ముచ్చటనా? మీరు ఇరానీ హోటల్ల కూసున్నది ఎవ్వడో పాడుగాడు తీసి ఫోన్లల్ల పెట్టిండు గదా. వీరుని భార్యకు సిగ్గులేదా అని రాసిండ్రు గదా దాని కింద."

"దానికి ఆయన నవ్విండు. వాళ్లకోసం చాయ్ మానేద్దామా అన్నడు. ఇంకో బిస్కట్ తెప్పిచ్చిండు."

"గట్లాంటి మనిషి ఎందుకు రాడు? ఎక్కువ తక్కువలేమన్న అనుకున్నరా? చుట్టాలు బెదిరిచ్చిండ్రా? చెప్పవే, నాకు పరేషాన్ అయితుంది."

"రేపు ఎవ్వలు రారత్తమ్మా. పప్పు రుబ్బకు. నువ్వు కూసో ముందు. కూసో అత్తమ్మా."

"కూసున్న. చెప్పు."

"సినిమా ఇంకా రాకముందే ఆయనతోని ఒక్కటే మాట తీసుకున్న. చూడొద్దు అన్న. ఎందుకు అన్నడు. అండ్ల ఉండేది నేను కాదు, దాన్ని చూసినంక నన్ను చూస్తే నేను కనిపియ్య అన్న. సరే అన్నడు. వాళ్ల క్వార్టర్లల్ల అందరు చూసిండ్రు, ఈయన చూడలే. ఇయ్యాల వాళ్ల యూనియనోళ్లు టికెట్లు తీసి డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని పొద్దుగాల ఆటకు తీసుకపోయిండ్రట."

"పోయిండా?"

"పోయిండు. రేపు మాట అనుకుంటే నువ్వు మా ఇంటి మనిషివే గదా, ఇగ నాకేం భయం, చూసొస్త అని ఫోన్ల మెసేజ్ పెట్టిండు. కౌంటర్ల రష్ ఉండె. నేను చూసేసరికే ఆట షురూ అయిపోయింది."

"చూస్తే చూసిండు. ఏడ్చి ఉంటడు అందరి లెక్క. తెల్లారేసరికి అదే పోతది. మాట తప్పిండని నువ్వు కొట్లాడినవా?"

"నేనేం అనలే. నా డ్యూటీ అయిపోయేసరికి దవాఖాన గేటు కాడ నిలవడ్డడు. దూరంకెల్లి చూసి నేను నవ్విన."

"ఆయన?"

"నవ్వలే. కండ్లు ఎర్రగున్నయ్. నెల సంది నన్ను నువ్వు అంటున్నడు అత్తమ్మా. మొదటిసారి అన్ననాడు నోరు జారిందని ఆయనే భయపడ్డడు, నేనే అట్లనే పిలువు అన్న. ఇయ్యాల మీరు అన్నడు."

"మీరు అన్నడా."

"మీరు ఇంటికి పోతున్నరా అన్నడు. అవ్ అన్న."

"అంతేనా? గింత దానికేనా నువ్వు... మీరు అంటే ఏమైతది? జెర మనసు బరువెక్కింది పాపం. నన్ను ఒక్కసారి మాట్లాడనియ్యి. కిషన్ తల్లిని నేను. నేను పోయి, నా కొడుకు పెండ్లాన్ని నేనే ఇస్తున్న బిడ్డా, నీకెందుకు ఫికర్ అంటే ఇనడా? క్వార్టర్లు ఎంత దూరం, ఆటోల పోతే గింతసేపట్ల పోత. ఉత్త చేతులతోనే వచ్చిండా?"

"లేదు. చేతిల పూల పొట్లమున్నది."

"చూసినవా మరి! పూలు పట్టుకొని వచ్చినోడు మాట మారుస్తడా? మనసుల ఉంటేనే గదా తెచ్చిండు. అంత ఏడ్చి సుత నీకోసం పూలు కొనుక్కొచ్చిండంటే... పిచ్చిదానా, ఊకెనే నా గుండె ఆపినవ్ గదనే. ఏవి, ఎక్కడ వెట్టినవ్ పూలు? తలల పెట్టుకోలేదే?"

"నేను సుత గట్లనే అనుకున్న. మల్లెలు తెచ్చిండు అనుకొని చెయ్యి చాపిన. చేతికియ్యలేదత్తమ్మా. రోడ్డు మీద అందరు చూస్తుండంగ వంగి, ఆ పూలు నా కాళ్ల మీద వోసి మొక్కిండు."